పెనుకొండ పేరు పెట్టాలనుకున్న చేప

నాకు సంతకం వచ్చు. బస్సు మీద రాసిన ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతకు మించి రాదు. కాబట్టి ఇది నేను చెబుతుంటే, నా తర్వాత ఈ మ్యూజియం గదికి వచ్చిన ఆమె రాస్తోంది. నా మాటలు దిద్దవద్దని చెప్పాను. దిద్దుతూనే ఉంది. కలం ఆగినప్పుడల్లా నాకు తెలుస్తోంది.

ఎప్పుడు చేరాను, ఎప్పుడు పర్మనెంటు అయింది, ఆ కాగితాలన్నీ హిందూపురం కాలేజీ ఆఫీసులో ఉన్నాయి. కావాలంటే చూసుకోండి. నేను చెప్పేది జాడీల పని గురించి. గాజు జాడీల్లో సముద్రపు చేపలున్న గది చూసి, ఇది దుమ్ము తుడిచే ఉద్యోగం అనుకుని చాలామంది వస్తారు. దుమ్ము తుడవడమూ ఉంది. అసలు పని మాత్రం, ఒకేలా కనబడే రెండు చేపలు ఒకే రకమో రెండు రకాలో తేల్చడం. వేరువేరుగా కనబడే రెండు చేపలు ఒకటో రెండో తేల్చడం దానికంటే కష్టం.

పట్టుపోగు నుంచి చేప రెక్కకు

మాది ధర్మవరం. మగ్గం మీద ఒక పడుగు అయిపోతే, దాని చివరి పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వేళ్ళకు బూడిద రాసుకుని కూర్చుంటే వేల పోగులు. ఒకటి తప్పినా చీర పొడవునా గీత పడుతుంది. పెళ్ళికి ముందు మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక మా ఆయనా నేనూ ఎదురెదురుగా కూర్చుని అతికేవాళ్ళం. యాభైల్లో ఆయన జ్వరంతో పోయాడు. నాకప్పుడు చిన్న వయసే.

మా వీధిలో ఒక పట్టింపు ఉండేది. పట్టు పడుగు పెళ్ళి చీరకే కాబట్టి, మొగుడు పోయినదాని చెయ్యి దాని మీద పడకూడదు. నన్నెవరూ తిట్టలేదు, తరమలేదు. పనికి పిలవడం మానేశారు, అంతే. బావగారింట్లో ఒక మూల కూర్చుని తెగిన పట్టు ముక్కలు ఏరి ఉండ చుట్టేదాన్ని. ఆ తెగిన పట్టు కొనడానికే ఖాదర్ సారు వచ్చాడు.

సారుది పెనుకొండ. చేపల శాఖలో పని చేస్తూ, రామేశ్వరం పక్కన పాంబన్ సముద్రంలో పగడపు దిబ్బల చుట్టూ తిరిగే చేపలను పట్టించి, జాడీల్లో వేసుకుంటూ సగం జీవితం గడిపాడు. రిటైరయ్యాక సొంతంగా దాచుకున్న జాడీలన్నీ రైలెక్కించుకుని ఊరు చేరాడు. చేపల మూతికి చీటీ కట్టడానికి ఆయనకు సన్నని పట్టుదారం కావాలి. నూలుదారమైతే, చేపలు చెడకుండా జాడీలో పోసే స్పిరిటులో నాని పీలికలవుతుందని ఆయన నమ్మకం.

మా బావ దారం తూస్తుంటే ఆయన నా చేతులనే చూస్తున్నాడు.

"ఆ యమ్మ ఏం చేస్తాండాది?"

"తెగిన కొనలు ఏరుతాండాది సారూ. ఇంగేం పని చేస్తాది."

ఆయన సంచిలోంచి ఎండిన చేప రెక్క తీసి నా ముందు పెట్టాడు. చిన్న విసనకర్రలా ఉంది.

"దీంట్లో పోగులు ఎన్నుండాయో చెప్పు మ్మా."

వెలుతురుకు పట్టి, గోటితో ఒక్కొక్కటే దాటుకుంటూ చెప్పాను. ఆయన రెక్కను మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు.

"చదువొచ్చునా?"

"రాదు సారూ."

"మంచిదాయె."

మా బావ నవ్వాడు. "చదువు రాకుంటే మంచిదేంది సారూ? మా ఎద్దులకు గూడా రాదు. రెండిటినీ తోలుకొని పోండి."

"ఎద్దు పోగులు లెక్కబెడితే తోలుకొనే పోతా లేప్పా" అన్నాడు సారు.

అట్లా నేను పెనుకొండ చేరాను.

చీటీ చదవని వేళ్ళు

సారు ఇల్లు కోట గోడకు దగ్గర. ఆయనా, ఆయన అక్క ఫాతిమక్కా ఇద్దరే. నాకు వెనకవైపు ఒక గది, వేరే పొయ్యి ఇచ్చారు. మిగతా ఇల్లంతా జాడీలు. ఫాతిమక్క నన్ను చూసిన మొదటి రోజే అంది:

"ఏం మే సంజమ్మా, వీడు పట్టిన చేపల్లో ఒగటన్నా కూరకు పనికొస్తాదా, చూసి చెప్పు. ఇండ్లంతా చేపలు, పొయ్యి మీద దినామూ వంకాయ."

పని ఇది. జాడీలోంచి చేపను తీసి మంచినీళ్ళలో నానబెట్టాలి, లేకపోతే పట్టగానే ముంచిన ఫార్మలిన్ మందు ఘాటుకు కళ్ళు తెరవలేం. మైనం పలక మీద పడుకోబెట్టి, రెక్కలు విప్పి, గుండుసూదులు గుచ్చాలి. రెక్కలో ముందు గట్టి ముళ్ళుంటాయి, వాటి వెనక మెత్తటి పోగులుంటాయి. వాటిని విడివిడిగా లెక్కపెట్టాలి. ఒంటి మీద పొలుసుల వరసలు సూదిమొనతో లెక్కపెట్టాలి. కొన్నాళ్ళకు అరచేతుల తోలు పొరలు పొరలుగా లేస్తుంది. కొబ్బరినూనె రాసుకోండి. కానీ చేపను ముట్టుకునే ముందు రాయకండి, సూది జారుతుంది.

పగడపు దిబ్బల చేపలంటే రంగులే. సారు పాంబన్‌లో చేప పడగానే కాగితం మీద రంగులు వేసి పెట్టుకున్న బొమ్మలున్నాయి. పసుపు, నీలం, కుంకుమ, మా ధర్మవరం అంచుల్లో కూడా నేనంత రంగు చూడలేదు. జాడీలో పడ్డాక అవన్నీ తడిసిన గోనెసంచి రంగుకు వస్తాయి. అప్పుడే అసలు చిక్కు. బతికున్నప్పుడు ఎర్రదీ పచ్చదీ అని చెప్పగలిగిన రెండు చేపలు జాడీలో కవలపిల్లల్లా పడుంటాయి. ఇక ముళ్ళు, పోగులు, పొలుసులే దిక్కు. అవి కూడా అన్నిచోట్లా పనికిరావు. చిలక చేపలనే జాతి ఉంది, పళ్ళు చిలకముక్కులా అతుక్కుని ఉంటాయి. వాటిలో ఎన్ని రకాలున్నా వీపు మీద ముళ్ళ లెక్క అన్నిటికీ ఒకటే. అక్కడ లెక్కపెట్టి ప్రయోజనం లేదు. చెంప మీద పొలుసులు ఎన్ని వరసలున్నాయి, నుదుటి నుంచి వీపు రెక్క దాకా ఎన్ని పొలుసులున్నాయి, పక్క రెక్కలో ఎన్ని పోగులున్నాయి, అవే చూడాలి.

చదువు రాకపోవడం ఎందుకు మంచిదో నెలలు గడిచాక చెప్పాడు. "చీటీ చదివినోని వేలు చీటీ చెప్పినట్లే లెక్కబెడ్తాది. నా కింద పని చేసిన పిల్లోళ్ళందరూ పేరు చూసి, ఆ పేరుకు ఎన్నుండల్లో అన్నీ చెప్పేవాళ్ళు. చేపను చూసినోడు ల్యాడు." అందుకని ఏ చేప ఏ జాడీదో నాకు చెప్పకుండా పలక మీద పెట్టేవాడు. ఫాతిమక్క నాకు బొగ్గుముక్కతో అక్షరాలు దిద్దిస్తుంటే చూసి, "నేర్చుకో మ్మా, నేనొద్దనను. ఇంగ్లీషు జోలికి మాత్రం పోవాకు. చీటీలన్నీ ఇంగ్లీషులో ఉండాయి" అన్నాడు. పద్ధతి మంచిదే. విన్నప్పుడు మాత్రం మనసుకు గుచ్చుకుంది. నాకు లేనిదాని కోసం నన్ను పెట్టుకున్నాడు కదా అని.

మనిషి చెడ్డవాడు కాదు. మాట మాత్రం కరువు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా "చెంప?" అంటాడు, నేను లెక్క చెబుతాను, "రెక్క?" అంటాడు, చెబుతాను. బాగుందని ఒక్కసారి అన్నది లేదు. ఎప్పుడన్నా తెల్లవాళ్ళ పొరపాట్లు చెప్పి నవ్వేవాడు. ఏదో చేపకు పిల్లప్పుడు గుండ్రటి గీతలుంటాయట, పెద్దయ్యాక అడ్డగీతలు వస్తాయట. పిల్లకొక పేరు, తల్లికొక పేరు పెట్టేశారట. "కన్నతల్లిని గుర్తుపట్టల్యా" అని నవ్వేవాడు. ఆ రోజు ఇంట్లో పండగలా ఉండేది.

ఈ పనిలో చేరేవాళ్ళకు ఎవరూ చెప్పనిది ఒకటుంది. వాసన మనతోనే ఉంటుంది. చింతపండుతో తోమినా, సున్నిపిండితో రుద్దినా పోదు. ధర్మవరం రైల్లో నా పక్కన కూర్చున్నవాళ్ళు లేచి వేరేచోటికి పోయేవాళ్ళు. మా తోడికోడలు చెంబు గడప మీద పెట్టి లోపలికి పోయేది. "ఏమక్కా, సముద్రంలో నుంచి నేరుగా వస్తాండావా?" అనేది. సముద్రం నేను ఇప్పటికీ చూడలేదు. రాను రాను పోవడం మానేశాను. పెనుకొండలోనేమో, సాయిబుల ఇంట్లో చచ్చిన చేపలు కడిగే ఆమె అని దూరంగానే ఉండేవాళ్ళు. చాలా ఏళ్ళకు ఫాతిమక్క చెవులు మందగించాక ఇంట్లో నా గొంతు నాకే వినిపించేది. చేపలతో మాట్లాడటం అప్పుడు మొదలుపెట్టాను. నవ్వకండి. మీకూ అలవాటవుతుంది.

నీలం జాడీ, ఎర్ర జాడీ

చిలక చేపలు సారుకు రెండు జాడీల్లో ఉండేవి. ఒక జాడీలోవి చిన్నవి. బతికున్నప్పుడు ఎర్రమట్టి రంగు. ఆ రకానికి ఎప్పుడో తెల్లవాళ్ళు పేరు పెట్టేశారు. రెండో జాడీలోవి పెద్దవి. నుదురు ఉబ్బి, బొమ్మల్లో నెమలికంఠం రంగులో ఉండేవి. ఇవి ఎవరూ చెప్పని కొత్త రకమని సారు నమ్మకం. దానికి పెనుకొండ పేరు కలిపి పేరు పెట్టాలని ఆయన కోరిక.

"సముద్రం లేని ఊరి పేరు పెడితే ఆ చేప ఊపిరాడక చస్తాది రా" అనేది ఫాతిమక్క.

"రాయలు ఎండకాలం ఈడికొచ్చి ఉన్యాడని చెప్పుకుంటారు గదా క్కా. ఒక చేప వచ్చి ఉంటే ఏం పోయె?"

సర్వీసంతా ఆయన పట్టిన చేపల మీద పైవాళ్ళ పేర్లే పడ్డాయి. పిల్లలు లేరు. భార్య పాంబన్‌లోనే పోయింది. ఈ ఒక్క చేప నిలబడితే ఆయన చేసిన పని ఎక్కడో ఒకచోట ఉంటుంది. నిలబడకపోతే ఏమీ లేదు. అది ఆయన నాకెప్పుడూ చెప్పలేదు, ఫాతిమక్క చెప్పింది.

అరవైల్లో, ఆయన కళ్ళు బాగా మసకబారాక, మద్రాసులో ఒక పెద్ద పండితుడికి అంతా రాసి పంపాడు. బదులు మర్యాదగానే వచ్చింది. మీ చేపలో మగది ఒకటి, ఆడది ఒకటి పంపండి, రెండూ చూడకుండా కొత్త రకమని ఒప్పుకోలేం అని. న్యాయమైన మాటే.

సారు అంతవరకు ఆ చేపలను కోయలేదు. దొరికినవే కొన్ని, ఒళ్ళు చెడకూడదని. ఇప్పుడు కోయక తప్పదు. ఆయన చెయ్యి వణుకుతుంది కాబట్టి కత్తెర నాకిచ్చాడు. కింది రంధ్రం దగ్గర మొదలుపెట్టి గొంతువైపుకు, పైపైన కోయాలి. లోతుగా పోతే లోపలిది నలుగుతుంది. గుడ్ల సంచి ఉంటే ఆడది, తెల్లటి మెత్తటి పట్టీ ఉంటే మగది.

మొదటిది మగది. "ఒగటయింది. ఇంగ ఆడదాన్ని చూడు" అన్నాడు. రెండోదీ మగదే. ఆ తర్వాతదీ మగదే. ఆయన భూతద్దాన్ని కంటికి ఆనించుకుని ప్రతిదాన్నీ చూసి పక్కన పెడుతున్నాడు.

"ఆడవన్నీ యాడికి పోయినాయి మ్మా?"

"అడుగున ఇంగా ఉండాయి సారూ. ఉంటాది."

ఉండాలని నేనెంత కోరుకున్నానో చెప్పలేను. అడుగుదాకా కోశాం. అన్నీ మగవే.

ఫాతిమక్క వాకిట్లోంచి అంది. "మగోళ్ళే ఉండే ఊరా రా అది? మరి సంగటి ఎవురు చేస్తారు?"

సారు నవ్వలేదు. మర్నాడు ఎర్ర జాడీ దించమన్నాడు. కోశాం. అన్నీ గుడ్ల సంచులే.

ఆ తర్వాత మళ్ళీ లెక్కలు. ఏది ఏ జాడీదో చెప్పకుండా ఒక్కొక్కటే పలక మీద పెట్టాడు. చెంప చెప్పాను, నుదురు చెప్పాను, రెక్క చెప్పాను. "మళ్ళీ చూడు" అన్నాడు. చూశాను. "ఇంగొకసారి." అప్పటికి పెద్దచేప ఏదో చిన్నచేప ఏదో నా చేతికి తెలుసు, అది దాచలేడు కదా. పెద్దదాని చెంప మీద ఒక్క వరస ఎక్కువ చెప్తే ఆయన ముఖం వెలుగుతుంది. మాట నోటిదాకా వచ్చింది. కానీ సూది కింద వరస లేదు. లేని పోగును అతకలేం. ఉన్నదే చెప్పాను. రెండు జాడీల లెక్కా ఒకటే.

పక్కన పెట్టినవి

గూట్లో మూత పెట్టిన ఒక పింగాణీ పాత్ర ఉండేది. పట్టినప్పుడు రంగు సరిగా లేని చేపలను సారు దాంట్లో వేసేవాడు. ఎర్ర చేపే, కానీ తల దగ్గర నీలం మచ్చలు. వలకు ఒరుసుకుని దెబ్బతిన్నాయనుకుని, ఏ జాడీకీ చెందవని అన్నేళ్ళు విడిగా ఉంచాడు. పారేయలేదు, అది ఆయన గొప్ప. మీరూ పారేయకండి. ఏ జాడీలోనూ ఇమడనిదాన్ని ఇంకో జాడీలో పెట్టండి.

ఒక రోజు తనంతట తానే ఆ పాత్ర తెమ్మన్నాడు. ఒకదాన్ని కోశాను. ఆయన అద్దం ఆనించి చాలాసేపు చూసి, అద్దం నా చేతికిచ్చాడు.

"ఏం కనబడ్తాండాది?"

"గుడ్ల సంచి సారూ. గుడ్లు ఎండుకపోయి ముడుసుకున్యాయి." ఇంకా దగ్గరగా చూశాను. "దాంట్లోనే తెల్లగా... మగదాంట్లో ఉండేది."

"రెండూనా?"

"రెండూ ఉండాయి."

ఆయన పలక మీద నుంచి చెయ్యి తీసేశాడు. "ఆడదిగా పెరిగి, పెద్దదయినాక మగదయితాండాది సంజమ్మా. ఆ ఎర్రదే ఈ నీలంది. రెండు చేపలు గావు. ఒగటే."

"ఎందుకట్లా మారతాది సారూ?"

"నాకు తెలీదు. నీళ్ళలో దిగి దాని ఎనక తిరిగినోడు చెప్పల్ల."

బతికుండగానే పాత రంగు వదిలేసి కొత్త రంగు వేసుకునే వీలు ఆ చేపకుంది. నాకు ఆ రోజంతా దాని మీద కోపం.

ఫాతిమక్క విని తమ్ముడి పక్కన వచ్చి కూర్చుంది. "ఒరే, ఒక జాడీ రైల్లో పగిలిపోయిందని రాయి. ఆడది దాంట్లో ఉన్యాదని రాయి. మద్రాసాయన ఈడికొచ్చి చూస్తాడా?"

"ఈ యమ్మ చూసింది గదా క్కా."

"ఆ యమ్మ ఎవురికి చెప్తాది రా?"

"ఎవురికీ చెప్పదు. చూసింది గదా."

ఇంతకాలం పనిలో నాకు దొరికిన మెప్పు ఇదొక్కటే. మీకు మెప్పుగా అనిపించకపోవచ్చు. మొగుడు పోయాక, నేను చూసిన దాన్ని ఇంకొకరు లెక్కలోకి తీసుకోవడం అదే మొదటిసారి.

ఆ చేప కొత్తది కాదని, రెండు జాడీలదీ ఒకే రకమని ఉన్నదున్నట్టు మద్రాసుకు రాశాడు. పోస్టులో నేనే వేసి వచ్చాను. కొన్నాళ్ళకు బదులు వచ్చింది. నిజాయితీగా తెలిపినందుకు సంతోషం, వేరే దేశాల్లో కూడా చిలక చేపలు ఇట్లా మారడం కొందరు చూశారు అని. సారు దాన్ని మడిచి, "కనుక్కున్యోళ్ళలో మొదటోణ్ణి గూడా గాదు" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు చెంప, రెక్క అని కూడా అడగలేదు. నేను ఎదురుగా పలక పెట్టుకుని ఊరికే కూర్చునేదాన్ని. అంతకుముందు ఉన్నది మౌనమే అనుకున్నాను. కాదు, అసలు మౌనం ఇది.

ఒక పొద్దున అన్నిటినీ ఒకే పెద్ద జాడీలో వేయమన్నాడు. ముందు ఎర్రవి, తర్వాత మచ్చలవి, చివర నీలంవి. నీలంవి ఉన్న జాడీ ఖాళీ అయింది. పెనుకొండ పేరు రాసి దాని మెడకు కట్టిన చీటీ పీకబోతే, "అది ఉండనీ" అన్నాడు.

హిందూపురం గది

సారు పోయాక ఫాతిమక్క జాడీలను హిందూపురంలో కొత్తగా పెట్టిన కాలేజీకి ఇచ్చింది. "ఈ యమ్మను గూడా పెట్టుకుంటేనే ఇస్తా" అని మొండికేసింది. లారీ వచ్చిన రోజు హమాలీ అడిగాడు. "ఏమక్కా, ఈ ఖాళీదీ ఎక్కియ్యల్లా?" ఎక్కించు అన్నాను.

హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్ దగ్గర గది తీసుకున్నాను. అక్కడ ఉడికిన గూళ్ళ వాసనలో నా వాసన ఎవరికీ పట్టలేదు. అది తప్ప మిగతాదంతా పెనుకొండ లాగానే. స్టాఫు భోజనాలు ఒకచోట, నావి ఈ గదిలో. పిల్లలు వరసగా వస్తారు, చీటీ చదువుతారు, జాడీ వైపు ఒకసారి చూసి పోతారు. నేను చీటీకి చెయ్యి అడ్డం పెట్టి, "ముందు చేపను చూడు నాయనా" అంటే కొందరు విసుక్కున్నారు, కొందరు చూశారు. చూసినవాళ్ళలో ఒకరిద్దరు మళ్ళీ వచ్చారు.

మా శాఖ పెద్దాయన మంచివాడే, నాకు జీతం ఆగకుండా చూశాడు. కానీ గదిని జాడీల లెక్కతో కొలిచేవాడు. పైవాళ్ళు చూడ్డానికి వస్తున్నారని ఒకసారి గదంతా తిరిగి, ఆ జాడీ దగ్గర ఆగాడు.

"ఏం సంజమ్మా, చేప లేని జాడీకి చీటీ ఏంది? వచ్చినోళ్ళు నగుతారు. ఆ చీటీలో ఉండే చేపను ఒగటి తీసి వెయ్."

"ఆ చేప లేదు సారూ."

"అయిపోయినాదా?"

"అయిపోలేదు. అట్లాంటి చేప లేదు. లేదని మా సారు కనుక్కున్యాడు."

ఆయన చీటీ చదివాడు, పక్కన ఉన్న పెద్ద జాడీలోకి చూశాడు. ఒకప్పటి ఎర్రవి, మచ్చలవి, నీలంవి, ఇప్పుడన్నీ గోనెసంచి రంగే. 

"అంటే... ఇవన్నీ ఒగటేనా?"

"ఒగటే."

"సరే, ఉండనీ" అని తర్వాతి అరకు పోయాడు.

ఇప్పుడు ఇది రాస్తున్న ఆమెకు చెబుతున్నాను, కలం ఆపకుండా రాయి. వేసవిలో స్పిరిటు ఆవిరైపోతుంది, చేపలు బయటపడి ఎండకముందే నింపాలి. అన్ని జాడీలతో పాటు ఆ జాడీకి కూడా నేను స్పిరిటు నింపుతూ వచ్చాను. మూత చుట్టూ మైనం మార్చాను. దారం పాతబడితే ధర్మవరం నుంచి కొత్త పట్టుదారం తెప్పించి చీటీ మళ్ళీ కట్టాను. నువ్వూ అట్లాగే చెయ్యి. చేప లేని జాడీకి స్పిరిటు వృథా అని ఎవరన్నా అంటే, ఆ లేని చేపను చూసినామె చెప్పిందని చెప్పు.